వేడి గదిలో యోగం: ఒక పెళ్లికూతురి ప్రశ్న, ఒక శతాబ్దపు చరిత్ర

మా చెల్లెలి మనుమరాలు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నది. వైశాఖ మాసంలో విజయవాడలో ఆమె వివాహం జరగవలసి ఉండగా, ఫాల్గుణంలో ఒకనాటి రాత్రి నాకు ఫోను చేసింది. "తాతయ్యా, హాట్ యోగాలో చేరాను. మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గాను. పెళ్లినాటికి ఇంకొక ఆరు కిలోలు తగ్గితే చాలు" అని ఉత్సాహంగా చెప్పింది. అదేమిటో కూడా ఆమే వివరించింది. గదిని నలభై డిగ్రీల దాకా వేడిచేసి, తలుపులు మూసి, తొంభై నిమిషాలపాటు ఆసనాలు వేయిస్తారట. నా మనసులో శంక మెదిలినా, పిల్ల సంతోషాన్ని చెడగొట్టడం ఇష్టంలేక "నీళ్లు సరిగా తాగమ్మా" అని మాత్రం అన్నాను. ఆ మాట చాలదని తరువాత తెలిసింది.

మూడవ వారంలో ఆమె తరగతి మధ్యలో కళ్లు తిరిగి పడిపోయింది. ముందురోజు రాత్రి నాలుగు పండ్ల ముక్కలతో సరిపెట్టుకుని, ఉదయం ఏమీ తినకుండా వెళ్లిందట. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపారు. తలకు దెబ్బ తగలకపోవడం మా అదృష్టం. రెండు రోజుల తరువాత నీరసమైన గొంతుతో అడిగింది: "ఇది మన ఋషులు చెప్పిన యోగమే కదా తాతయ్యా! వేల ఏళ్లనాటి విద్య నాకెందుకు పడలేదు?"

నలభై ఏళ్లు వైద్యవృత్తిలో ఉన్నవాడినే అయినా ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ వేడి గది మన యోగంలోకి ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అన్న విషయాలు తెలుసుకోవడానికి వైద్యం కన్న ముందు చరిత్రను తిరగవేయవలసి వచ్చింది. ఆ పఠన ఫలితమే ఈ వ్యాసం. పెళ్లి ముహూర్తం దగ్గరపడుతున్న కొద్దీ బరువు తూచుకునే యంత్రం వైపు దిగులుగా చూసే యువతీయువకులకు, వారి తల్లిదండ్రులకు ఇది ఉపయోగపడుతుందని నా ఆశ.

ప్రాచీన గ్రంథాలలో చెమట

చెమట పట్టించడం మన వైద్యానికి కొత్త కాదు. చరక సంహిత సూత్రస్థానంలో పదునాలుగవ అధ్యాయం సంపూర్ణంగా స్వేదన చికిత్సకే కేటాయించబడింది. అగ్ని సహాయంతో చేసే స్వేదనాలు పదమూడు, అగ్ని లేకుండా చేసేవి పది అని అక్కడ విభజన ఉన్నది. ఈ పదింటిలో వ్యాయామం ఒకటి, ఉష్ణసదనం, అనగా వెచ్చని గదిలో ఉండటం, మరొకటి. నేటి హాట్ యోగాను చూస్తే ఈ రెండింటినీ ఒకచోట కలిపినట్లు కనిపిస్తుంది. అయితే చరకుడు వాటిని వేరువేరు పద్ధతులుగా చెప్పాడు. అదీ రోగికి, వైద్యుని పర్యవేక్షణలో, ఒక చికిత్సాక్రమంలో భాగంగా చెప్పాడు.

అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఎవరికి స్వేదనం చేయరాదో అదే అధ్యాయం ఒక పట్టికలా వివరిస్తుంది. గర్భిణులు, మధుమేహ రోగులు, అతిసారంతో బాధపడేవారు, అలసినవారు, దప్పికతో ఉన్నవారు, ఆకలితో ఉన్నవారు ఆ పట్టికలో కనిపిస్తారు. మనలో చాలామందికి ఆశ్చర్యం కలిగించే పేరు ఇంకొకటి కూడా ఉన్నది: స్థూలకాయులు. లావు తగ్గడానికి చెమట పట్టించుకోవాలని నేడు మనం అనుకుంటుండగా, చరకుడు లావుగా ఉన్నవారినే స్వేదనానికి అనర్హులుగా పేర్కొన్నాడు. స్వేదనానికి ఆయన చెప్పిన ప్రయోజనాలు బిగుసుకున్న కీళ్లు సడలటం, వాతబాధలు ఉపశమించటం, శోధన చికిత్సలకు శరీరం సిద్ధపడటం వంటివి.

ఇక యోగ గ్రంథాల సంగతి. పదిహేనవ శతాబ్దానికి చెందినదిగా పండితులు భావించే హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు చెమట గురించి ప్రస్తావించాడు. ప్రాణాయామ సాధన తొలిదశలో చెమట పుడుతుందని, ఆ శ్రమవల్ల కలిగిన చెమటను ఒంటికే మర్దించుకోవాలని చెప్పాడు. అది లోపలి ప్రయత్నం వల్ల పుట్టిన చెమట. బయటి వేడి వల్ల కారినది కాదు. పైగా సాధన ఆరంభించినవాడు నిప్పుకు దూరంగా ఉండాలని, ఉపవాసాది కాయక్లేశాలను మానాలని ఆ గ్రంథమే హెచ్చరిస్తున్నది. మా మనుమరాలు ఆ రెండు నియమాలనూ ఒకే ఉదయాన ఉల్లంఘించింది పాపం, తెలియక.

వ్యాయామానికి హద్దు ఎక్కడ అన్న విషయంలోనూ మన వైద్యులు స్పష్టంగానే ఉన్నారు. శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని సుశ్రుతుని మాట. వాగ్భటుడు మరొక అడుగు ముందుకు వేసి, ఆ అర్ధశక్తి వ్యాయామం కూడా చలికాలంలోను, వసంతంలోను బలవంతులు చేయదగినదని, తక్కిన కాలాలలో ఇంకా మెల్లగా చేయాలని అష్టాంగ హృదయంలో రాశాడు. వేడి పెరిగినప్పుడు శ్రమ తగ్గించుకోవాలన్నది అక్కడి బోధ. వేడిని పెంచి శ్రమను కూడా పెంచే పద్ధతికి ఈ గ్రంథాలలో ఆధారం నాకు కనిపించలేదు.

మరి ఇది ఎక్కడ పుట్టింది?

కలకత్తా వ్యాయామశాలలు

ఈ కథ ఇరవయ్యవ శతాబ్దపు కలకత్తాలో మొదలవుతుంది. 1841లో వారన్ హేస్టింగ్స్‌ను గురించి రాసిన వ్యాసంలో మెకాలే బెంగాలీలను శరీరబలం లేని పిరికివారుగా చిత్రించాడు. ఆ నింద బెంగాలీ విద్యావంతుల మనసుల్లో ముల్లులా గుచ్చుకున్నది. తరువాతి తరాలలో కుస్తీ గోదాలు, వ్యాయామ సమితులు వెలిశాయి. దేహబలం జాతీయోద్యమంలో ఒక భాగమైంది. ఆ కాలపు గాలి మన ప్రాంతానికీ సోకింది. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో 1882లో జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు గుండెపై ఏనుగును నిలుపుకుని, ఇనుప గొలుసులను తెంచి 'కలియుగ భీముడు'గా దేశమంతటా కీర్తి గడించారు. తమ బలానికి ప్రాణాయామ సాధన మూలమని చెప్పిన తరం అది. దండీలు, బస్కీలు, ఆసనాలు, శ్వాస నియంత్రణ అన్నీ ఒకే వ్యాయామశాలలో కలిసిపోతున్న రోజులవి.

అటువంటి వాతావరణంలో పెరిగినవాడు బిష్ణు చరణ్ ఘోష్. 1903లో జన్మించాడు. 'ఒక యోగి ఆత్మకథ' ద్వారా లోకప్రసిద్ధుడైన పరమహంస యోగానందకు స్వయానా తమ్ముడు. అన్నగారు 1920లో అమెరికా వెళ్లి ధ్యానమార్గాన్ని బోధించగా, తమ్ముడు కలకత్తాలోనే ఉండి 1923లో ఒక వ్యాయామ కళాశాలను స్థాపించాడు. కండరాలను ఒక్కొక్కదానినీ విడివిడిగా కదిలించే విద్యపై 1930లో ఒక శిష్యునితో కలిసి పుస్తకం ప్రకటించాడు. ఆయన శిష్యుడు బుద్ధ బోస్ 1939లో ఆసనాల ఛాయాచిత్రాలతో ఆంగ్లంలో ఒక గ్రంథం వెలువరించాడు. మరొక శిష్యురాలు రేబా రక్షిత్ గుండెపై ఏనుగును నడిపించుకుని ప్రేక్షకులను విస్మయపరిచింది.

ఘోష్ కళాశాలకు బలప్రదర్శనలతోపాటు మరొక ముఖం కూడా ఉన్నది. ఉబ్బసం, నడుమునొప్పి, అజీర్తి వంటి బాధలతో వచ్చినవారిని పరిశీలించి, ఒక్కొక్కరికి వేరువేరుగా కొన్ని ఆసనాలు రాసి ఇచ్చేవారు. వైద్యుడు మందుల చీటీ రాసినట్లే ఈ వ్యాయామపు చీటీ. రోగి వయసు, బలం, వ్యాధి చూసి ఆసనం నిర్ణయించేవారు. వేడి గది ఆ బోధనలో భాగం కాదు. అసలు కలకత్తా ఉక్కపోతలో గదిని ప్రత్యేకంగా వేడిచేయవలసిన అవసరం ఎవరికి ఉంటుంది?

టోక్యో చలి నుంచి కాలిఫోర్నియా ఎండకు

ఘోష్ 1970లో మరణించాడు. ఆయన శిష్యులలో ఒకడైన బిక్రమ్ చౌదరి ఆ రోజుల్లోనే జపానులో యోగం నేర్పుతూ, 1970ల తొలినాళ్లలో అమెరికా చేరాడు. ఆయన తన గురించి తాను చెప్పుకున్న గాథలలో చాలావాటికి ఆధారాలు దొరకలేదని తరువాత విచారించినవారు తేల్చారు. కనుక వేడి గది పుట్టుక గురించిన ఈ సంగతిని కూడా ఆయన చెప్పుకున్న కథనంగానే గ్రహించాలి. టోక్యోలో చలికాలంలో శిష్యుల శరీరాలు బిగుసుకుపోయి ఆసనాలకు వంగలేదట. గదిలో హీటర్లు పెట్టించాడట. వెచ్చదనంలో వారి ఒళ్లు సులువుగా వంగడం చూసి ఆ పద్ధతినే స్థిరపరిచాడట. ఈ కథనం ప్రకారమే చూసినా వేడి గదికి ఉన్న వయసు అర్ధశతాబ్దం పైచిలుకు మాత్రమే. అది ఋషుల ఆశ్రమంలో కాక, మంచు కురిసే ఒక నగరంలో, చలి నుంచి ఉపశమనం కోసం పుట్టింది.

లాస్ ఏంజెలెస్ పక్కనున్న బెవర్లీ హిల్స్‌లో సినిమా తారలు, క్రీడాకారులు ఆయనకు శిష్యులయ్యారు. ఘోష్ సంప్రదాయంలోని ఆసనాలనుంచి 26 భంగిమలను, రెండు శ్వాస వ్యాయామాలను ఎంచుకుని ఒక స్థిరమైన వరుసలో పేర్చాడు. గది ఉష్ణోగ్రత సుమారు 40.5 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 40 శాతం, సమయం 90 నిమిషాలు. 1978లో ఈ పద్ధతిపై పుస్తకం వచ్చింది. 1990ల నుంచి ఉపాధ్యాయ శిక్షణ మొదలై, కొన్నేళ్లలో వందలాది శాఖలు ప్రపంచమంతటా వెలిశాయి. క్రమంగా ఇతరులు కూడా కొంత తక్కువ వేడితో, వేర్వేరు ఆసనాల వరుసలతో తమతమ తరగతులు ప్రారంభించారు. వీటన్నింటినీ కలిపి నేడు హాట్ యోగా అని వ్యవహరిస్తున్నారు.

ఈ ప్రయాణంలో జరిగిన ఒక మార్పును వైద్యునిగా నేను ముఖ్యంగా గమనించాను. గురువు ఒక్కొక్కరిని చూసి ఒక్కొక్క చీటీ రాశాడు. శిష్యుడు అందరికీ ఒకటే చీటీ రాశాడు. ఇరవై ఏళ్ల నర్తకికీ, యాభై ఏళ్ల రక్తపోటు రోగికీ, పెళ్లికోసం పస్తులున్న అమ్మాయికీ అదే గది, అదే వేడి, అదే వరుస. వ్యాపారానికి ఆ ఏకరూపత ఎంతో అనుకూలం. శరీరాలు మాత్రం ఏకరూపంగా ఉండవు.

ఆసనాలకు యజమాని ఎవరు?

బిక్రమ్ ఆ 26 ఆసనాల వరుస తన సొంత సృష్టి అని, ఇతరులు నేర్పరాదని 2000ల ఆరంభంలో కాపీరైటు హక్కు కోరాడు; పోటీ సంస్థలపై వ్యాజ్యాలు వేశాడు. ఇది మన దేశంలో కలవరం కలిగించింది. పసుపు, వేప వంటి వాటిపై విదేశీ పేటెంట్ల అనుభవంతో భారత ప్రభుత్వం 2001లో ప్రారంభించిన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయంలో ఆసనాలను కూడా గ్రంథస్థం చేయించడం మొదలైంది. 2012లో అమెరికా కాపీరైటు కార్యాలయం ఆసనాల కూర్పు హక్కుకు అర్హం కాదని ప్రకటించింది. 2015 అక్టోబరులో అక్కడి తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం కూడా అదే తీర్పు చెప్పింది. ఆరోగ్యం కోసం రూపొందించిన ఒక పద్ధతి అందరి సొత్తు. దానిని వర్ణించే పుస్తకానికి హక్కు ఉండవచ్చు గాని, పద్ధతికి ఉండదని ఆ తీర్పు సారాంశం.

అదే కాలంలో బిక్రమ్‌పై పలువురు శిష్యురాళ్లు లైంగిక దౌర్జన్య ఆరోపణలతో సివిల్ వ్యాజ్యాలు వేశారు. ఆయన వాటిని ఖండించాడు. 2016 జనవరిలో, సంస్థలో న్యాయ సలహాదారుగా పనిచేసిన ఒక మహిళ వేసిన లైంగిక వేధింపుల కేసులో లాస్ ఏంజెలెస్ జ్యూరీ ఆమె పక్షాన తీర్పు చెప్పి, డెబ్బై లక్షల డాలర్లకు పైగా పరిహారం నిర్ణయించింది. ఆయన అమెరికా విడిచి వెళ్లాడు. 2017లో అక్కడి న్యాయస్థానం అరెస్టు వారంటు జారీ చేసింది. చాలా శాఖలు పేరు మార్చుకున్నాయి. పేరు మారినా గది వేడి మారలేదు. కనుక ఇక వ్యక్తిని పక్కనపెట్టి, ఆ వేడి సంగతే విచారిద్దాం.

ఆ రెండు కిలోలు ఎక్కడికి పోయాయి?

ఇటలీ దేశంలోని పడువా నగర వైద్యుడు శాంటోరియో 1614లో ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. ఆయన ఒక పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడదీసి, అందులో కూర్చుని, తిన్న అన్నాన్ని, తాగిన నీటిని, విసర్జించిన మలమూత్రాలను ఏళ్ల తరబడి తూచాడు. లెక్క ఎప్పుడూ సరిపోలేదు. కంటికి కనిపించకుండా చర్మం నుంచి, శ్వాస నుంచి ఎంతో బరువు పోతున్నదని ఆయన గ్రహించాడు. శరీరపు బరువు గంటగంటకూ మారుతుందని, ఆ మార్పులో అధికభాగం నీరేనని నాలుగు వందల ఏళ్ల క్రితమే త్రాసు చెప్పింది.

మా మనుమరాలి రెండు కిలోల రహస్యమూ అదే. వేడి గదిలో తొంభై నిమిషాలకు ఒక లీటరుకు పైగా చెమట పోవడం సాధారణం. లీటరు నీరు అంటే కిలో బరువు. దానికితోడు అన్నం తగ్గించినప్పుడు కాలేయంలోను, కండరాలలోను నిలువ ఉన్న గ్లైకోజెన్ కరుగుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు దానిని అంటిపెట్టుకున్న సుమారు మూడు గ్రాముల నీరు కూడా పోతుంది. మొదటి వారపు 'విజయం' ఎక్కువగా ఇదే. రెండు పూటలు కడుపునిండా భోంచేసి నీళ్లు తాగితే అది తిరిగి వస్తుంది, రావాలి కూడా.

మరి కొవ్వు ఎంత కరుగుతుంది? అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేడి గదిలో సాధన చేస్తున్నవారి శక్తివ్యయాన్ని కొలిచారు. 90 నిమిషాలకు పురుషులకు సగటున 460, స్త్రీలకు 330 కిలో కేలరీలు ఖర్చయ్యాయి. అది వడిగా నడిచినదానితో సమానం. కిలో కొవ్వులో సుమారు 7,700 కిలో కేలరీల శక్తి ఉంటుంది. అంటే ఒక స్త్రీకి కిలో కొవ్వు కరగడానికి 23 తరగతులు కావాలి. ఆరు కిలోలకు 140 తరగతులు! పెళ్లికి ఉన్న వ్యవధి ఎనిమిది వారాలు. లెక్క వేసి చెప్పినప్పుడు మా మనుమరాలు కాసేపు మాట్లాడలేదు.

చెమట ఎక్కువ పడితే కొవ్వు ఎక్కువ కరిగిందనుకోవడం పొరపాటు. చెమట శరీరాన్ని చల్లబరచే ఏర్పాటు మాత్రమే. మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 33 నుంచి 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకన్న వేడిగా ఉంటే, ఒంట్లోని వేడి బయటికి పోవడానికి బదులు బయటి వేడి ఒంట్లోకి వస్తుంది. అప్పుడు చెమట ఆవిరి కావడం ఒక్కటే మార్గం. గదిలో తేమ ఉన్నకొద్దీ ఆ ఆవిరి తగ్గుతుంది. చెమట ధారలై నేలమీద పడుతుంది గాని ఒంటిని చల్లబరచదు. గుండె ఒకవైపు కండరాలకు, మరొకవైపు చర్మానికి రక్తం పంపలేక సతమతమవుతుంది. నీరు తగ్గిన శరీరంలో రక్తనాళాలు విప్పారి ఉండగా, వంగి ఉన్న భంగిమ నుంచి ఒక్కసారిగా లేస్తే మెదడుకు రక్తం అందక కళ్లు తిరుగుతాయి. మా మనుమరాలికి జరిగింది అదే.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అలవాటున్న 20 మంది సాధకులచేత ఉష్ణోగ్రత కొలిచే మాత్రలు మింగించి తరగతిలో పరిశీలించారు. ఏడుగురిలో శరీరపు లోపలి ఉష్ణోగ్రత 103 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటింది. 104 డిగ్రీలు చేరి, మాట తడబడి, మతి తప్పితే దానినే మనం వడదెబ్బ అంటాం. ఇంకొక ప్రమాదం దీనికి వ్యతిరేక దిశలో ఉన్నది. చెమటలో ఉప్పు పోతుండగా కేవలం మంచినీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. అటువంటి రోగి ఉదంతం వైద్య పత్రికలలో నమోదైంది. "నీళ్లు సరిగా తాగమ్మా" అన్న నా సలహా ఎందుకు చాలదో ఇప్పుడు గ్రహించే ఉంటారు.

ఈ పద్ధతిలో మేలు లేదని నేను అనడం లేదు. ఎనిమిది వారాల్లో 24 తరగతులు చేసిన యువతీయువకులలో నడుము బలం, కీళ్ల సౌలభ్యం, శరీర సమతౌల్యం మెరుగైనట్లు కొలరాడో పరిశోధకులు గుర్తించారు. కొవ్వు మాత్రం స్వల్పంగానే తగ్గింది. అయితే ఆ మేలు ఆసనాలదా, వేడిదా? టెక్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిన అధ్యయనంలో ఒక బృందం చేత 40.5 డిగ్రీల గదిలో, మరొక బృందం చేత 23 డిగ్రీల గదిలో అవే 26 ఆసనాలు 12 వారాలు వేయించారు. రక్తనాళాల ఆరోగ్యం రెండు బృందాలలోనూ ఒకేవిధంగా మెరుగైంది. వేడి అదనంగా చేసిన ఉపకారం అక్కడ కనబడలేదు. ఘోష్ తన కలకత్తా కళాశాలలో హీటరు లేకుండా సాధించినది ఏమిటో ఆ ప్రయోగశాలే చెప్పినట్లయింది.

గడువు, తూకం, వేడి

పెళ్లికి ముందు ఈ విషయం మరింత ప్రమాదకరం కావడానికి ఒక కారణం ఉన్నది. దానికి చరిత్రలో ఒక విషాద దృష్టాంతం కూడా ఉన్నది. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో సుమారు నెల రోజుల వ్యవధిలో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు మరణించారు. ముగ్గురూ ఆరోగ్యవంతులైన యువకులు. పోటీకి ముందు తూకంలో నిర్ణీత బరువుకు దిగాలని, ఆవిరి బయటికి పోని దుస్తులు తొడుక్కుని, వేడి వాతావరణంలో గంటల తరబడి వ్యాయామం చేసి, నీళ్లు తాగకుండా చెమట పట్టించుకున్నారు. ఆ మరణాల తరువాత అక్కడి కళాశాల క్రీడా సంఘం రబ్బరు దుస్తులను, ఆవిరి గదులను నిషేధించింది.

వారి వెనుక ఉన్నవి మూడు: ఒక గడువు, ఒక తూకం, ఒక వేడి గది. పెళ్లికూతురి వెనుక ఉన్నవీ అవే. ముహూర్తం గడువు, జాకెట్టు కొలత తూకం. వేడి గది ఉత్తప్పుడు అలవాటున్న ఆరోగ్యవంతుడికి అంతగా హాని చేయకపోవచ్చు. తల తిరిగితే అతడు కూర్చుంటాడు, లేదా ఇంటికి వెళ్తాడు. గడువున్న మనిషి కూర్చోదు. "ఇంకో అయిదు నిమిషాలు" అనుకుంటుంది. పస్తు ఉండి వస్తుంది. వరుసగా ముప్పై రోజుల పందెంలో పేరు ఇస్తుంది. ఆ తొందరే ప్రమాదం.

పూర్వం మన ఇళ్లలో పెళ్లికూతురిని సిద్ధం చేసే తీరు తలచుకోండి. నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, గోరువెచ్చని నీటితో మంగళస్నానం చేయించేవారు. బంధువులు ఇంటింటా పిలిచి భోజనం పెట్టి, చీర పెట్టి పంపేవారు. వయసు రాని పిల్లలకు పెళ్లిళ్లు చేసిన ఆ కాలాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కాని పెళ్లికి ముందు ఆడపిల్లకు కడుపునిండా పెట్టాలన్న ఆ ఒక్క బుద్ధి మాత్రం వైద్యరీత్యా సరైనది. మన వైశాఖ, జ్యేష్ఠాల పెళ్లి పందిళ్లలో ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. పట్టుచీర కట్టి, హోమగుండం ముందు గంటల తరబడి కూర్చునే ఆ పిల్లకు కావలసింది నీరు, ఉప్పు, శక్తి. వాటిని నెలరోజుల ముందునుంచే పిండివేసి పీటల మీద కూర్చోబెట్టడం ఏ విధంగా మంచిది?

కొన్ని సూచనలు

పెళ్లికి మూడు నెలల వ్యవధి ఉంటే, నెలకు రెండు కిలోల చొప్పున తగ్గడం క్షేమకరం. రోజూ నలభై అయిదు నిమిషాల వడి నడక, వారానికి మూడు రోజులు మామూలు గదిలో ఆసనాలు, అన్నం కొద్దిగా తగ్గించి పప్పు, కూరలు, మజ్జిగ పెంచడం, రాత్రి ఏడు గంటల నిద్ర. ఇందులో కొత్తదేమీ లేదు. పనిచేసేది మాత్రం ఇదే.

అయినా హాట్ యోగాలో చేరదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. గర్భిణులు, గుండెజబ్బు, మూర్ఛవ్యాధి ఉన్నవారు, పూర్వం వడదెబ్బ తగిలినవారు చేరవద్దు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు గాని, గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు గాని వాడుతున్నవారు, మధుమేహ రోగులు, మానసిక వ్యాధులకు మందులు తీసుకునేవారు తమ వైద్యుని అడగకుండా వెళ్లవద్దు. ఖాళీ కడుపుతో వెళ్లవద్దు. రెండు గంటల ముందు తేలికగా తినండి. మొదటి రెండు వారాలు సగం సమయమే చేసి శరీరాన్ని అలవాటు చేయండి. తరగతికి ముందు, తరువాత బరువు చూసుకోండి. ఎంత తగ్గితే అంత నీరు పోయినట్లు. దానిని పలుచని మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మరసం, ఓ.ఆర్.ఎస్. రూపంలో మెల్లగా భర్తీ చేసుకోండి. తలనొప్పి, వికారం, కళ్లు బైర్లు కమ్మడం మొదలైతే ఆ క్షణమే బయటికి రండి. గురువు అనుమతి కోసం ఆగవద్దు. ఎవరైనా మతి తప్పి మాట్లాడుతుంటే చల్లని చోటుకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి, విసరుతూ, వెంటనే 108కి ఫోను చేయండి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

మా మనుమరాలు వేడి గదిని మానింది. అవే ఆసనాలను ఇంట్లో, కిటికీలు తెరిచి, ఉదయంపూట వేసింది. సాయంత్రం కాబోయే భర్తతో ఫోనులో మాట్లాడుతూ నడిచింది. పెళ్లినాటికి రెండున్నర కిలోలు తగ్గింది. ఈసారి అది నీరు కాదు. జాకెట్టు ఇంకా కొద్దిగా బిగుతుగా ఉంటే, మా చెల్లెలు దర్జీచేత లోపలి మడత కుట్టు విప్పించింది. అరగంట పని. పీటల మీద ఆ పిల్ల ముఖం కళకళలాడుతుండగా చూసి, ఆమె అడిగిన ప్రశ్నకు నా సమాధానం మరొకసారి మనసులో చెప్పుకున్నాను: నీకు పడనిది మన ఋషుల యోగం కాదమ్మా, దానికి మొన్నమొన్న తగిలించిన వేడి, ముహూర్తపు తొందర.